పిండికట్టు నాయకుడు, ముగ్గురు సిపాయిలు

ఇరవై ఎనిమిదేళ్లపాటు స్తారా వోల్కా ఊరి అగ్నిమాపక దళంలో పనిచేసి, మండుతున్న గడ్డివాముల మీదకెక్కి, కూలుతున్న పైకప్పుల కింద దూరి, ఒంటి మీద గీత పడకుండా బయటపడ్డ లుద్విక్, జూన్ నెలాఖర్లో చెర్రీపళ్లు కోస్తూ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పోనీ పైమెట్టు మీంచి పడ్డాడా అంటే అదీ లేదు. రెండో మెట్టు మీంచి పడ్డాడు.

ఊరు ఆ మెట్టుని వదల్లేదు. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్లు దిగుతుంటే ఒకరు చెయ్యి అందిస్తారు, ఇంకొకరు "జాగ్రత్త నాయకుడుగారూ, ఇది రెండో మెట్టు" అంటారు. ఊళ్లో ఎవరికి ఆపదొచ్చినా ముందు పరిగెత్తే మనిషి గనక, ఆ చనువుతోనే ఏడిపించారు. లుద్విక్ నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మోకాలి దాకా ఉన్న పిండికట్టుని బల్ల మీద పెట్టుకుని గంటసేపు దాన్నే గుర్రుగా చూసేవాడు.

అతన్ని అసలు తొలిచేసింది ఆ వేళాకోళం కాదు. ఫైరింజను ఇప్పుడు అతని భార్య నడుపుతోంది.

ఇది అతను స్వయంగా తెచ్చిపెట్టుకున్నదే. చలికాలంలో పాత డ్రైవరుకి చూపు మందగించి, పెద్దబండి లైసెన్సు ఉన్నవాళ్లెవరని దళం సమావేశంలో వెతుకుతుంటే, వెనక బల్ల దగ్గర కేకు కోస్తున్న మీర్కా చాకు ఉన్న చేతినే పైకెత్తింది. ఆవిడ పదిహేనేళ్లుగా బడి బస్సు నడుపుతోంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది లుద్వికే. అతని ఊహలో ఉన్నది మే నెలలో, అగ్నిమాపకుల్ని కాచే సెయింట్ ఫ్లోరియన్ పండగ ఊరేగింపు. తళతళలాడే ఎర్ర ఇంజను, దాన్ని నడుపుతున్న భార్య, పక్క సీట్లో పతకాలతో తను. ఊరేగింపు అలాగే జరిగింది, ఫోటోలు కూడా బాగా వచ్చాయి. ఆ తర్వాత మీర్కా వెళ్లినవి రెండే పనులు. ఒకటి బడి అటకలో కందిరీగల తుట్టె, రెండోది చర్చి ఫాదరుగారి ఇంటి పొగగొట్టంలో ఇరుక్కున్న గుడ్లగూబ.

జులై రెండో వారంలో, ఆకు కదలని ఒక మధ్యాహ్నం, మిల్లు వైపు ఆకాశం వంకాయ రంగుకి తిరిగింది. మూడున్నర దాటాక సైరన్ మోగింది.

మీర్కా చేతిలో పిండి ముద్ద అలాగే వదిలేసి, చేతులు తుడుచుకుంటూ బూట్లలోకి దూరింది. లుద్విక్ చంకకర్రల మీద లేచి ఆవిడ వెంట గుమ్మం దాకా గెంతాడు.

"హ్యాండ్‌బ్రేకు కొంచెం బిగుసుకుంటుంది. మలుపులో రెండో గేరు. మిల్లు దగ్గర వంతెన మీద మాత్రం..."

"లుద్విక్."

"ఏంటి?"

"రోజూ నలభైమంది పిల్లల్ని బడికి తోలుకెళ్తున్నాను. సగంమంది వాంతులు చేసుకుంటారు, మిగతా సగం కొట్టుకుంటారు. మీ ఏడుగురూ నాకొక లెక్కా?"

"ఏడుగురు కాదు, నేను లేనుగా. ఆరుగురే."

"మరీ తేలిక." హెల్మెట్ చంకలో పెట్టుకుంది. "నువ్వు ఇల్లు చూసుకో. ఈ జంతువుల్నీ చూసుకో."

"వీటిని చూడ్డానికేముంది?"

మీర్కా గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. ఏదో చెప్పబోయి మానుకున్నట్టుంది. "నీకు తెలీకపోతే వాటినే అడుగు," అని సైకిలెక్కి వెళ్లిపోయింది.

నాలుగు నిమిషాల్లో ఇంజను వీధిలోంచి దూసుకుపోయింది. ఇన్నేళ్లలో అది వెళ్తుంటే బయటినించి చూడ్డం లుద్విక్‌కి అదే మొదటిసారి. లోపల కూర్చున్నప్పుడు కోటలా ఉండేది. ఇవాళ ఆ నల్లటి ఆకాశం కిందకి పోతుంటే అగ్గిపెట్టెంతే కనిపించింది. గుండెలో కలుక్కుమంది గానీ, ఆకలి వల్ల అనుకున్నాడు.

వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ వరసగా నిలబడి అతన్నే చూస్తున్నారు.

కప్రాల్ అనే కుక్క గొర్రెల కాపరి జాతికీ ఇంకేదో అనామక జాతికీ పుట్టింది. బిషప్పు గారి కారుని కూడా ఊరి పొలిమేర దాకా తరిమిన ధైర్యశాలి. స్మోలా అనే పిల్లి తారు డబ్బాలో ముంచి తీసినంత నలుపు. మూడోది పెద్దబాతు. దాని పేరు హ్రాబినా, అంటే దొరసాని. గుడ్డులోంచి బయటపడ్డ రోజున మీర్కా ఒళ్లో పడి, ఆవిడే తల్లి అని తేల్చుకుంది, ఆ తర్వాత ఎవరు చెప్పినా మనసు మార్చుకోలేదు. పెరట్లో ఉంటుందన్న మాటే గానీ, అవసరమని తనకి తోచినప్పుడల్లా వంటింట్లోకి నడిచొస్తుంది. ఇవాళ తోచింది.

"సరే, దళం," అన్నాడు లుద్విక్. "కప్రాల్, బల్ల కిందకి. స్మోలా, కుర్చీ మీదకి. దొరసానీ, నువ్వు బయటికి."

ఒక్కటీ కదల్లేదు. ముప్ఫైమంది మగాళ్లని ఒక్క కేకతో వరసలో నిలబెట్టే గొంతు అది.

దూరంగా మొదటి ఉరుము దొర్లింది. లుద్విక్ ఒంటికాలి మీద గెంతుతూ కిటికీలన్నీ మూశాడు, టీవీ ప్లగ్గు పీకాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. హాల్లో అద్దం మీద తువ్వాలు కప్పాడు. అద్దం పిడుగుని పిలుస్తుందన్నది తను నమ్మడు, పుస్తకాల్లో ఎక్కడా లేదని బళ్లో పిల్లలకి తనే చెప్పాడు కూడా. అయినా తువ్వాలు ఎలాగూ ఉతికిందే కదా అని కప్పాడు.

అప్పుడు ఫోను మోగింది. మీర్కా అనుకుని ఎగబడి తీశాడు. కాదు, ఎదురింటి అపొలోనియా. ఎనభయ్యొక్కేళ్ల మనిషి, లుద్విక్ పాకే వయసు నించీ అతన్ని తిడుతోంది.

"ఒరేయ్ లుద్విక్, పిల్లిని బయట పడేశావా?"

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకేంటి? నల్లపిల్లి కాదూ అది? ఉరిమినప్పుడు సైతాను వెళ్లి నల్లపిల్లిలో దూరతాడు. వాణ్ణి వెతుక్కుంటూ పిడుగొచ్చి ఇంటి మీద పడుతుంది. మీ అమ్మయితే మొదటి ఉరుముకే గడప దాటించేది."

"మీర్కా ఏం చేస్తుంది?"

"మీ ఆవిడ నా మాట ఎప్పుడు విన్నది గనక? చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. సర్లే, అందుకు చెయ్యలేదు. మిల్లు దారిలో చెట్టు కూలి బండి మీద పడిందట. ఇప్పుడే మా మేనకోడలు ఫోన్ చేసింది."

"ఏ బండి?"

"బండేరా. పెద్దది. ఎర్రబండి అంటున్నారు. అయినా నేనడిగితే అది..."

ఫోను మూగబోయింది. లుద్విక్ మీర్కాకి కలిపాడు. మోగలేదు. వాల్దెక్‌కి కలిపాడు, దళంలో అతని తర్వాత వాడు. అదీ మోగలేదు. ఫోన్ టవరు పోయింది. అంతలో కరెంటూ పోయింది.

ఎర్రబండి. ఆ చుట్టుపక్కల ఎర్రబండి అంటే ఏది?

ఇంతకాలం ఇలాంటి కబురు వస్తే లుద్విక్ చెయ్యాల్సిందేంటో అతనికి తెలుసు. బూట్లు వేసుకుని పరిగెత్తడం. ఇప్పుడు బూటు పట్టని కాలుంది. పోనీ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుదామన్నా అందుకూ కాలు సహకరించలేదు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డుకేసి చూశాడు. చూస్తుండగానే రోడ్డు కనిపించడం మానేసింది. గోడలా వాన దిగింది. దాంతో పాటు వడగళ్లు, ముందు బఠాణీల్లా, తర్వాత అక్రోటు కాయల్లా.

అప్పుడు లుద్విక్ జీవితంలో చెయ్యననుకున్న పని చేశాడు.

ఫిబ్రవరి రెండో తారీఖున ఊరంతా చర్చికి పెద్దకొవ్వొత్తులు పట్టుకెళ్లి దీవెన వేయించుకొస్తారు. దాన్నే ఉరుముల కొవ్వొత్తి అంటారు. గాలివాన వస్తే దాన్ని కిటికీలో వెలిగిస్తారు. పిడుగు ఇంటిని తప్పించుకుపోతుందనీ, బయట చిక్కుకున్నవాళ్లకి దారి దొరుకుతుందనీ. లుద్విక్ దళనాయకుడైన ఏడాదే దాని మీద యుద్ధం ప్రకటించాడు. కర్టెన్ పక్కన నిప్పు పెట్టి దేవుణ్ణి కాపాడమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడని మీటింగులు పెట్టాడు. ఇంటింటికీ కాగితాలు పంచాడు. మొదటి కాగితం సొంత భార్యకే ఇచ్చాడు. "అగ్నిమాపక దళనాయకుడి ఇల్లు కొవ్వొత్తితో తగలబడితే నేనీ ఊళ్లో తలెత్తుకు తిరగగలనా?" అని అడిగాడు. మీర్కా కాగితం చదివి, మడిచి, "సరే, కిటికీలో పెట్టను," అంది. అన్నమాట ప్రకారం ఇంతవరకూ పెట్టలేదు.

కానీ లుద్విక్ వాళ్లమ్మ పెట్టేది. నాన్న పొలంలో ఉండగా ఉరిమితే, పిల్లిని బయటికి గిరాటేసి, కిటికీలో కొవ్వొత్తి పెట్టి, అది ఆరకుండా రెండు చేతులూ అడ్డుపెట్టుకుని నిలబడేది. నాన్న ప్రతిసారీ తిరిగొచ్చేవాడు.

పిల్లిని గిరాటెయ్యడం తనవల్ల కాదు. రెండోది చెయ్యొచ్చు. సొరుగులో ఎప్పటిదో సగం కాలిన కొవ్వొత్తి దొరికింది. ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ అటూ ఇటూ చూశాడు. ముగ్గురూ చూస్తూనే ఉన్నారు.

"ఎవరికైనా చెప్పారో, మర్యాద దక్కదు," అని కొవ్వొత్తి వెలిగించి కిటికీ గూట్లో నిలబెట్టాడు. "ఆవిడ ఇంటికి రావాలి. అంతే. ఇంకేం అడగను."

అడిగి ఒక్క నిమిషం కాలేదు. పెద్ద వడగల్లొకటి కిటికీ పైపలకని పగలగొట్టుకుని లోపలికొచ్చింది, వెనకే గాలి దూరింది. కర్టెన్ లేచి కొవ్వొత్తిని ముద్దుపెట్టుకుంది. మీర్కా పుట్టింటివాళ్లు ఇచ్చిన లేసు కర్టెన్, అరక్షణంలో పైదాకా అంటుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. లుద్విక్ గుండెలనిండా గాలి పీల్చి, "నీళ్లు వదలండి!" అని కేకేశాడు.

కుక్క తోక ఊపింది. దొరసాని రెక్కలు విదిల్చింది. పిల్లి ఫ్రిజ్ మీదకెక్కి దళం పనితీరుని గమనించసాగింది.

నీళ్లు వదిలేవాళ్లు లేరని, ఉన్న నాయకుడికి ఒక కాలు లేదని, కరెంటు లేక మోటారు ఆడదు గనక పంపులో నీళ్లు లేవని, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. చేతికందినంతలో ఉన్నది బల్ల కింది మట్టి జాడీ. అందులో మూడ్రోజుల క్రితం మీర్కా ఉప్పునీళ్లలో ఊరేసిన లేత దోసకాయలు, వెల్లుల్లి, సోయికూర. లుద్విక్ జాడీని రెండు చేతులా ఎత్తి, ఒంటికాలి మీద ఊగి, మొత్తం కుమ్మరించాడు.

మంట చుయ్యిమని చచ్చిపోయింది. దళం చరిత్రలో అంత తొందరగా ఆరిన నిప్పు లేదు. లుద్విక్ వెల్లకిలా పడ్డాడు. ముఖం మీద వెల్లుల్లి రెబ్బ ఉంది. వంటిల్లంతా దోసకాయలు దొర్లుతున్నాయి. దొరసాని దగ్గర్లో ఉన్నదాన్ని ముక్కుతో పొడిచి చూసి, బాగుందని నిర్ణయించుకుని తినడం మొదలెట్టింది.

నవ్వొచ్చింది లుద్విక్‌కి. నేల మీద పడుకునే నవ్వాడు. అంతలో ఇంటి పక్కనే పిడుగు పడ్డట్టు ఫెళ్లుమంది, గిన్నెలన్నీ గలగలమన్నాయి, నవ్వు ఆగిపోయింది. ఆ చెట్టు, ఆ ఎర్రబండి మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి. పైప్రాణాలు పైనే పోయాయి. ఎన్నో గాలివానల్లో తిరిగాడు గానీ ఇలా ఎప్పుడూ అనిపించలేదు. అక్కడ చేతికి గొట్టమో రంపమో ఉండేది, చెయ్యడానికి పని ఉండేది. ఇక్కడ ఏమీ లేదు. ఇంట్లో కూర్చుని గాలివానని భరించడం ఇంత కష్టమని అతనికెవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. తడిసి, మసిబారి ఇంటికొచ్చి "భయమేసిందా?" అని అడిగినప్పుడల్లా మీర్కా ఆవులించి, "దేనికి? నిద్రపోయాను," అనేది. మొద్దునిద్ర అని దళంలో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

గీరుతున్న చప్పుడు వినిపించింది. కప్రాల్ సామాను గది తలుపుని ముందు కాళ్లతో గీరుతోంది. ఒళ్లంతా వణుకుతోంది. బిషప్పు కారుని తరిమిన కుక్క ఇదేనా అనిపించింది.

"ఇప్పుడు తిండేంట్రా?" అన్నాడు లుద్విక్. "వాన తగ్గనీ."

కుక్క వినలేదు. పిల్లి ఫ్రిజ్ దిగొచ్చి కుక్క పక్కన కూర్చుంది. దొరసాని సగం తిన్న దోసకాయని వదిలేసి, నడుం ఊపుకుంటూ వెళ్లి పిల్లి పక్కన నిలబడింది. మాంసం తినేదీ, చేపలు తినేదీ, గడ్డి తినేదీ ఒకే తలుపు ముందు వరస కట్టాయి. ఇది తిండి గొడవ కాదని లుద్విక్‌కి అప్పుడు తట్టింది.

కుర్చీని నెట్టుకుంటూ వెళ్లి తలుపు తీశాడు.

ముగ్గురూ తోసుకోకుండా ఒకరి వెనక ఒకరు లోపలికెళ్లారు, చర్చిలో ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లినట్టు. కుక్క వెనక గోడ బారున పడుకుంది. పిల్లి రెండో అరమీద జామ్ సీసాల మధ్య తనకి సరిపడా ఉన్న ఖాళీలోకి దూరింది. దొరసాని ఎడమవైపు బంగాళాదుంపల గంప పక్కన సర్దుకుని కూర్చుంది. మధ్యలో ఒక పొట్టి పీట ఖాళీగా ఉంది. ముగ్గురూ తలలు తిప్పి లుద్విక్ వైపు చూశారు.

ఆ గదిలోకి అతను ఏడాదికి రెండుసార్లు వస్తాడేమో, జామ్ సీసా కోసం. ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. కిటికీ లేని గది, గోడలు మందం. ఇక్కడ ఉరుము కూడా దుప్పటి కప్పుకుని వచ్చినట్టు వినిపిస్తోంది. పీట మీద మడతపెట్టిన బొంత ఉంది. పీట వెనక గోడకి, మనిషి వీపు ఆనే ఎత్తులో, సున్నం అరిగి నున్నగా అయింది. పక్కనే ఇనప బాల్టీలో ఇసుక, ఆ ఇసుకలో నిలబెట్టిన ఉరుముల కొవ్వొత్తి, చుట్టూ పాత కొవ్వొత్తుల మొదళ్లు, పదో పదిహేనో. ఇంకో బాల్టీలో నీళ్లు. దాని అంచున తడిపి పిండిన గోనెగుడ్డ. నిప్పు దగ్గర ఏమేం ఉండాలని లుద్విక్ కాగితంలో రాశాడో అన్నీ, రాసిన వరసలోనే ఉన్నాయి.

కిటికీలో పెట్టనంది. పెట్టలేదు.

లుద్విక్ అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాడు. గోడ మీద ఆ అరుగుదల ఒక్కరోజుది కాదు, ఒక్క ఏడాదిదీ కాదు. మీర్కా నిద్రపోలేదు. ఏ ఒక్కసారీ నిద్రపోలేదు. తను బయట ఇంజను మీద గంట మోగిస్తూ తిరిగినన్ని గంటలూ ఆవిడ ఈ పీట మీద ఈ గోడకి వీపు ఆనించి కూర్చుంది. సిగ్గేసింది అతనికి. ఎంత సిగ్గేసిందంటే, అక్కడున్నవి మూడు జంతువులే అయినా వాటి ముఖం చూడలేకపోయాడు.

కప్రాల్ మెల్లిగా మూలిగింది. అంటే కూర్చోమని.

కూర్చున్నాడు. పిండికట్టు కాలు చాపితే తలుపు దాకా వచ్చింది. కుక్క తల తెచ్చి ఆ కట్టు మీద పెట్టింది. దొరసాని కట్టు చివర పట్టీ ఊడి ఉండటం చూసి, ఇదేం పనితనం అన్నట్టు ముక్కుతో పీకి సరిచెయ్యసాగింది. స్మోలా అరమీంచి దిగి, ఒళ్లోకొచ్చి, చొక్కా గుండీల మధ్యనించి తల లోపలికి దూర్చింది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది.

"నీలో సైతానుంటే ఉండనీలే," అన్నాడు లుద్విక్. "ఈ వానలో వాణ్ణి మాత్రం ఎక్కడికి పొమ్మంటాం?"

కొవ్వొత్తి వెలిగించాడు, ఇసుక బాల్టీలోదే. తలుపు సందులోంచి మెరుపు కనిపించినప్పుడల్లా అంకెలు లెక్కపెట్టాడు. మూడు అంకెలకి ఉరిమింది, తర్వాత రెండుకి, ఒకసారి ఒకటి అనే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఇంటి పైకప్పు మీద ఎవరో బండెడు రాళ్లు దొర్లిస్తున్నట్టుంది. లుద్విక్ జంతువులతో మాట్లాడ్డం మొదలెట్టాడు. ముందు ధైర్యం చెప్పడానికే మొదలెట్టాడు గానీ, కాసేపటికి ఎవరికి చెప్తున్నాడో అతనికే తెలీలేదు.

"బాగా నడుపుతుందిరా. బ్రేకులు పడితే నీళ్ల గ్లాసు తొణకదు. నాకంటే బాగా నడుపుతుంది, ఈ మాట నేనన్నానని చెప్పకు. చెట్టు పడ్డా ముందే ఆపి ఉంటుంది. ముందే చూసి ఉంటుంది కదా? కప్రాల్, ముందే చూసి ఉంటుంది కదా?"

కప్రాల్ కట్టుని నాకింది. నాకితే నొప్పి తగ్గదని దానికి తెలుసు, అయినా చెయ్యగలిగింది అదే.

ఐదు అంకెలు. తొమ్మిది. పద్నాలుగు. ఇరవై దాటాక లెక్క మానేశాడు. వాన గోల తగ్గి, చూరు నీళ్లు కారే చప్పుడు మిగిలింది. ఆరున్నర కావస్తుంటే జంతువులు మూడూ ఒక్కసారే తలలెత్తాయి. అతనికింకా ఏమీ వినపడలేదు. మరో నిమిషానికి వినపడింది, వీధి మలుపులో గేరు మార్చిన చప్పుడు. రెండో గేరు.

లుద్విక్ పీట మీంచి లేవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. కాలు తిమ్మిరెక్కిందని చెప్పుకోవచ్చు.

మీర్కా వంటింట్లోకి వచ్చేసరికి అతను ఇంకా సామాను గది గుమ్మంలోనే ఉన్నాడు. ఆవిడ జుట్టునిండా రంపప్పొట్టు, మోచేతి దాకా బురద, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఓక్ చెట్టు లుద్విక్. ఇంత లావు. రెండు రంపాలు మొద్దుబారిపోయాయి. ఆ విత్ గాడి ట్రాలీ మీద పడింది, ఆ ఎర్రది, చెర్రీపళ్ల పెట్టెలు వేసుకెళ్తాడే, అది. అప్పడమైపోయింది. వాడు ఆ నిమిషంలోనే ఒంటేలుకి దిగాడట. ఇక జన్మలో ఆపుకోనని ప్రమాణం చేశాడు..." అంటూనే కిటికీ చూసింది. నేల చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఇదేంటి?"

"చిన్న సంఘటన."

"ఎంత చిన్నది?"

"ఒక కర్టెన్."

"దేంతో ఆర్పావు?"

"దోసకాయలతో."

మీర్కా కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "రిపోర్టు రాయాలి నాయకుడుగారూ. కారణం ఏమని రాద్దాం?"

"నిర్లక్ష్యం," అన్నాడు లుద్విక్.

అతను అన్న తీరుకి ఆవిడ నవ్వు ఆగింది. అతని వెనక తెరిచి ఉన్న తలుపుని చూసింది, లోపల కొవ్వొత్తిని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"వీటికి చెప్పొద్దన్నాను," అంది, దొరసాని వైపు చూస్తూ.

"ఎన్నాళ్ల నించి?"

"పెళ్లయిన ఏడాది నించీ. అప్పుడు ఈ కప్రాల్ గాడి తాత ఉండేవాడు, సెర్జంత్."

"మరి నిద్రపోయానని ఎందుకు చెప్పేదానివి?"

"నువ్వు నిలబడే ఓపిక లేకుండా వచ్చేవాడివి. అప్పుడు కూర్చోబెట్టి నా గోల వినమంటానా?"

లుద్విక్ కాలి దగ్గరున్న దోసకాయని పక్కకి నెట్టాడు. "ఒక్కసారైనా వెళ్లొద్దని ఎందుకనలేదు?"

"అంటే ఆగేవాడివా?"

ఆగేవాణ్ణి అనొచ్చు. అంటే ఆవిడ నమ్మినట్టు నటిస్తుంది కూడా. "ఆగేవాణ్ణి కాదు," అన్నాడు.

"మరింకేం," అంది మీర్కా, వంగి ఒక బూటు విప్పుతూ.

ఆ బూటు చేతిలో ఉండగానే సైరన్ మళ్లీ మోగింది. ఏటి ఒడ్డున ఎవరిదో కొట్టం పైకప్పు లేచిపోయి తీగల మీద పడిందని వాల్దెక్ వీధిలోంచి అరిచాడు. మీర్కా బూటు వైపు చూసింది, అతని వైపు చూసింది. తొడుక్కోలేదు. అలాగే పట్టుకుని ఆగింది.

వద్దు అన్న మాట లుద్విక్ నాలుక చివరికొచ్చింది. మింగేశాడు. గెంతుకుంటూ అలమర దాకా వెళ్లి పొడి మేజోళ్లు తీసుకొచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"నాకు భయంగా ఉంది మీర్కా," అన్నాడు. "ఊరికే చెప్తున్నాను. నువ్వు వెళ్లు."

మీర్కా మేజోళ్లు తొడుక్కుంది, బూట్లు వేసుకుంది. లేచి అతని మెడ చుట్టూ చేతులు వేసి, బురదా రంపప్పొట్టూ అతని చొక్కాకి అంటేలా ఒక్కసారి గట్టిగా నొక్కింది. "వచ్చేదాకా అగ్గిపెట్టె ముట్టుకోకు," అని పరిగెత్తింది.

ఇంజను వెళ్లిపోయింది. బయట ఎండ కాసింది. తడిసిన ఊరు మెరుస్తోంది, ఎక్కడా ఉరుము లేదు. స్మోలా గట్టు మీద పడుకుని ఒళ్లు నాక్కుంటోంది. దొరసాని పెరటి గుంటలో చేరిన వాననీళ్లలో స్నానం మొదలెట్టింది. కప్రాల్ గుమ్మంలో ఎండపొడలో వాలి కళ్లు మూసుకుంది. భయపడాల్సిందేమీ మిగల్లేదు. లుద్విక్ చీపురు పట్టుకుని గాజుపెంకులు ఊడవబోయాడు. రెండు ఊడ్పులకే ఆగి రోడ్డుకేసి చూశాడు. ఇంకో రెండు ఊడ్చి మళ్లీ చూశాడు. ఉరుము పోతే భయం పోతుందనుకున్నాడు. ఇది ఉరుము తెచ్చిన భయం కాదు.

కప్రాల్ ఒక కన్ను తెరిచి అతన్ని చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత పెద్దగా నిట్టూర్చి, వెచ్చటి ఎండలోంచి లేచి, వంటిల్లు దాటి సామాను గదిలోకి వెళ్లి, తన చోట వెనక గోడ బారున పడుకుని, పీట వైపు తల తిప్పి ఎదురుచూసింది.

లుద్విక్ చీపురు గోడకి ఆనించి, చంకకర్రలు అందుకుని దాని వెనకే వెళ్లాడు.